ఎస్తేరు పాటలో పదకొండు సెకన్లు

నేను పాడలేను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పగలు కాకినాడలో ఇన్సూరెన్సు కాగితాలు చూసుకుంటాను. సాయంత్రాలు ఒక మాసపత్రికకి పాటల మీద సమీక్షలు రాస్తాను. స్నానాల గదిలో కూడా గొంతు విప్పను. విప్పితే మా ఆవిడ కుళాయి పాడైందేమో అనుకుంటుంది. అండమాన్‌లో ఉన్న వారం రోజులూ కలిసిన ప్రతివారూ నన్నడిగిన మొదటి ప్రశ్న, మీరు పాడతారా అని. లేదంటే రెండో ప్రశ్న, మరి ఎలా రాశారు అని. ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే తిరిగొచ్చాను.

వెళ్లిన కారణం ఒక ఆల్బమ్. పేరు ‘గేటు దగ్గర’. ఎనిమిది పాటలు, ఒక గిటారు, ఒక ఆడగొంతు. పాడినావిడ పేరు ఎస్తేరు, ఊరు అండమాన్‌లోని మాయాబందర్. అమెరికా పల్లెల్లో గిటారు పట్టుకుని తమ బతుకే పాడుకునే సంగీతాన్ని కంట్రీ అంటారు. మన భాషలో దానికి దగ్గరగా వచ్చినది నాకు తెలిసి ఇదొక్కటే. మాటలూ ఆవిడవే, బాణీలూ ఆవిడవే. విచిత్రం ఏమిటంటే, ప్రతి పాటలోనూ మధ్యమధ్య గొంతూ గిటారూ రెండూ ఆగిపోతాయి. చివరి పాట ‘ఎవరున్నారు’ అయితే ముగిసే ముందు ఏకంగా పదకొండు సెకన్లు నిశ్శబ్దం. గడియారం పెట్టి చూశాను.

ఆ నిశ్శబ్దం మీద రెండు పేజీలు రాశాను. “ఎవరున్నారు అని ఆమె అడుగుతుంది. బదులు రాదు. తన ద్వీపంలో ఆమెకు బదులు పలికే మనిషి ఒక్కరూ లేరు. ఆ లేమినే ఆమె పాటగా మలిచింది” అని అందులో ఒక వాక్యం. నాకు బాగా నచ్చిన వాక్యం. హైదరాబాద్‌లో ఇంకో సమీక్షకుడు అది ఎడిటింగ్ లోపమని రాశాడు. నేను బదులు రాశాను, ఆయన బదులుకి బదులు రాశాడు. అలా మూడు సంచికలు కొట్టుకున్నాం. చివరికి, పాడిన మనిషి నోటితోనే నా మాట నిజమని చెప్పించి ఆయన నోరు మూయించాలని బయల్దేరాను. ఇంతకన్నా గొప్ప కారణం ఏదైనా చెబితే అబద్ధమవుతుంది.

డిగ్నాబాద్: కిటికీకి కట్టిన పరుపు

పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే గడియారం మీద నమ్మకం పోయింది. ఇప్పుడు ఆ ఊరికి ప్రభుత్వం పెట్టిన పేరు వేరు, ఊళ్లో మాత్రం అందరూ బ్లెయిర్ అనే అంటున్నారు. నవంబరు నెల, సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోయింది. రాత్రి అయిపోయిందనుకుని ఆరింటికే భోజనం చేసేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకి కోళ్లూ స్కూటర్లూ లేపేశాయి. ఆకలి ఎప్పుడు వేయాలో పొట్టకి తెలియక వారం రోజులూ గొడవ పడింది.

ఆల్బమ్ రికార్డు చేసినాయన ఆ ఊళ్లోనే డిగ్నాబాద్ పేటలో ఉంటాడు. పేరు జాన్సన్, నలభై దాటాయి, పడవల వైరింగ్ పని. తాతది శ్రీకాకుళం వైపు. ఆయన వీధిలో ఒక గుమ్మంలో తమిళం, ఎదురింట్లో బెంగాలీ, ఇద్దరూ పోట్లాడుకునేది హిందీలో. జాన్సన్ నన్ను వెనకగదికి తీసుకెళ్లి, కిటికీకి అడ్డంగా తాళ్లతో కట్టిన దూదిపరుపు చూపించాడు. అదే స్టూడియో. వాన శబ్దం రాకుండా ఆ పరుపు, కుక్కర్ కూతలు రాకుండా పక్కింటావిడకి ముందురోజే విన్నపం.

భోజనంలో చేపలపులుసు పెట్టారు. చింతపండు మనదే గాని అందులో ఆవనూనె వాసన. టమాటా ముక్క ఒక్కటీ లేదు. ఓడ ఆలస్యమైందట, టమాటాలు కిలో నూటఇరవై దాటాయట. ఆ ఇంటావిడ ఆ సంగతి మన ఊళ్లో వర్షం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను అసలు విషయానికి వచ్చాను. ఆ ఖాళీలు కావాలని ఉంచినవేనా అని అడిగాను.

“నేనేమో థోడా ఎకో ఏసి నింపీద్దామన్నాను సార్. దీదీ ఒప్పుకోలేదు. ఖాళీ ఉంచీ, జగా ఉండాలి అంది,” అన్నాడు జాన్సన్.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. హైదరాబాద్ ఆయన పని అయిపోయింది. జాన్సన్ మాత్రం సంతోషంగా లేడు. పళ్లెంలోకి చూస్తూ, మాయాబందర్ వెళ్తారా అని అడిగాడు. వెళ్తానన్నాను. వెళ్లండి గాని అక్కడ పెద్దావిడ మార్తమ్మత్తకి మీరెవరో చెప్పకండి అన్నాడు. ఎందుకని అడిగితే హిందీలో ఏదో అన్నాడు. అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. ఆ తల ఊపడం ఆ ప్రయాణంలో నాకు బాగా అలవాటైంది.

ఫీనిక్స్ బే: నా నిశ్శబ్దం పాడు చేసిన మనిషి

ఫీనిక్స్ బే జెట్టీలో గంటంపావు తప్పు వరసలో నిలబడ్డాను. అది ఇక్కడ స్థిరపడ్డవాళ్లకిచ్చే ద్వీపం కార్డు ఉన్నవాళ్ల వరసట. నా ముందు నిలబడ్డ బెంగాలీ ముసలాయన ఆ సంగతి మొదటి నిమిషంలోనే గమనించి ఉంటాడు. నేను కౌంటర్ దాకా చేరాక, ఎంతో మర్యాదగా, పక్క వరస చూపించాడు. మనవైపైతే ఈపాటికి నలుగురు తిట్టేవాళ్లు. ఇక్కడ ఎవరూ అరవరు, అందుకని మనకి తప్పు తెలియడమూ ఆలస్యమే.

మర్నాడు పొద్దున్నే పడవ. సముద్రం నాకు పడదని రెండో గంటలో తెలిసింది. పక్కసీటులో రంగత్‌కి వెళ్తున్న ఒకావిడ సంచిలోంచి ఉప్పు వేసిన నిమ్మకాయ తీసి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. తేరుకున్నాక డెక్ మీద గాలికి కూర్చుని, ఫోన్‌లో ‘ఎవరున్నారు’ పెట్టాను. ఆవిడ ఊరికి వెళ్తూ ఆవిడ పాట వినడం ఒక అనుభవంగా రాసుకుందామని నా ఆలోచన.

“వాన తెరిపిచ్చింది, దారి తేలింది, గేటు కాడ నిలుచున్నాను. ఎవరున్నారు లోపల, ఎవరున్నారు?”

గొంతు ఆగింది. గిటారు ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడు, తాడు చుట్టుకుంటూ నా వెనకనుంచి వెళ్తున్న పడవ పనివాడు చక్కటి శ్రుతిలో “ఉన్నాం, ఉన్నాం, మేమున్నాం” అని పాడేసి, అలాగే చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఫోన్‌లో రెండో చరణం ఎత్తుకుంది. ఒక్క క్షణం కూడా తేడా లేదు.

నాకు ఒళ్లు మండింది. ఇంత గొప్ప మౌనంలో వేలు పెట్టాడే అనిపించింది. కాసేపటికి మంట తగ్గి గాభరా మొదలైంది. అంత సరిగ్గా ఎలా పట్టింది? వెతుక్కుంటూ వెళ్లి అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, “ఆ పాట అంతే కదా భయ్యా,” అన్నాడు. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేనట్టు ఇంజిన్ వైపు దిగిపోయాడు.

మాయాబందర్: గడ్డం నురగతో

బస చేసిన లాడ్జిలో పొద్దున ఆరున్నరకి గడ్డం గీసుకుంటున్నాను. కింద గేటు చప్పుడైంది. ఒక ఆడగొంతు, “ఎవరున్నారండీ లోపల? ఎవరున్నారు?” అంది. పాటలోని మాట, పాటలోని గొంతు, ఇంచుమించు పాటలోని రాగమే. లోపలినుంచి లాడ్జి యజమాని “ఉన్నాం దీదీ” అన్నాడు. నేను ఒక చెంపకి నురగతోనే మెట్లు దిగాను.

గేటు దగ్గర గొడుగు, భుజాన సంచి, చేతిలో చిన్న మిషను. ముప్పైయయిదేళ్లుంటాయి. మన ఎస్తేరు కరెంటు మీటర్లు చదివే మనిషి. ఎవరున్నారు అన్నది ఆవిడ రోజుకి వందసార్లు అనే మాట. నేను దాన్ని ఆత్మ వేసిన కేక అని రాసి ఉన్నాను.

నేనెవరో చెప్పాను. ఆవిడ మొహంలో వెలుగేమీ రాలేదు. “మీరేనా సార్,” అని మీటరు వైపు తిరిగింది. డ్యూటీలో ఉన్నాను, కావాలంటే కూడా నడవండి అంది. మొహం కడుక్కుని వెనక నడిచాను. ఎర్రమట్టి ఎత్తులూ పల్లాలూ, పోకచెట్లు, రేకు ఇళ్లు. ప్రతి గేటు దగ్గరా ఆవిడ పిలుపు, లోపలినుంచి బదులు. కొన్నిచోట్ల బదులుతో పాటు కొబ్బరినీళ్లు. నాకు అయిదు గ్లాసులయ్యాక వద్దన్నాను. ఆ నడకలోనే, ఇంటికో ముక్క చొప్పున సంగతి చెప్పింది.

వాళ్ల తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు మొత్తం నాలుగే తెలుగు క్రైస్తవ కుటుంబాలట. అడవిలో దూరదూరంగా గుడిసెలు. ప్రార్థన కూడికకి వానలో ఎవరు రాగలిగారో, ఎవరు రాలేదో తెలియడానికి, పాట ఎత్తిన మనిషి ఎవరున్నారు అని పాడి ఆగేది. వచ్చినవాళ్లు ఉన్నాం అని పాడేవారు. ఆ పద్ధతి అలాగే నిలిచింది. ఇప్పుడు ఎవరు ఏ కొత్త పాట కట్టినా అందులో జనం పలకడానికి చోటు వదలాలి. వదలని పాట కూడికలో పాడరు. చివరి ఖాళీ మాత్రం అందరిదీ కాదు. అది ఆ రోజు కొత్తగా వచ్చిన మనిషిది. ఆ మనిషి ఒక్కడే బదులు చెప్పాలి.

“కొత్తోళ్లకి సిగ్గు కదా సార్. ఎంటనే నోరు రాదు. అందుకే అది పొడుగ్గా ఉంచుతాం,” అంది ఎస్తేరు.

పదకొండు సెకన్లు అంటే ఒక బిడియస్తుడి కోసం వదిలిన సమయం. ఏదో లోపించిందన్న హైదరాబాద్ ఆయనది సగం తప్పు, నాది పూర్తిగా తప్పు. రికార్డులో జనం గొంతులు ఎందుకు పెట్టలేదని అడిగాను. పెడితే వినేవాళ్లు ఎక్కడ పలుకుతారు అని ఆవిడే నన్ను తిరిగి అడిగింది.

తర్వాత అసలు సంగతి బయటపడింది. నా సమీక్ష ఉన్న పత్రిక బ్లెయిర్‌నుంచి ఎవరో తెచ్చారు. ఇక్కడి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని చదవలేరు. పాటల పుస్తకంలో తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటారు. తెలుగు అచ్చు తడుముకోకుండా చదవగలిగేది మార్తమ్మ ఒక్కతే. ఎస్తేరుకి మేనత్త, కూడికకి పెద్ద. ఆవిడ తెలుగు అచ్చులో చదివేవి రెండే, బైబిలూ పాటల పుస్తకమూ. నా సమీక్షని కూడా లేచి నిలబడి, అదే గొంతుతో, అందరికీ చదివి వినిపించింది. విన్నవాళ్లకి అది ఎవడో కాకినాడ మనిషి అభిప్రాయంలా వినపడలేదు. ఎస్తేరు స్వయంగా చెప్పిన సాక్ష్యంలా వినపడింది. బదులు పలికే మనిషి ఒక్కరూ లేరట.

“ఇరవయ్యేళ్లనుంచి పలుకుతున్నోళ్లు కదా సార్. ఆళ్ల మొహం మీద కొట్టినట్టయిపోయింది,” అంది.

అప్పటినుంచి రెండు శనివారాలుగా ఎస్తేరు పాడి ఆగితే కూడికలో ఎవరూ పలకడం లేదు. నేను ఊహించి రాసిన నిశ్శబ్దం నిజంగానే వచ్చి కూర్చుంది. నేనలా చెప్పలేదు అని ఆవిడ అంటే, మరి సార్‌కి ఎలా తెలిసింది అంటున్నారు. ఎలా తెలిసిందో నాకే తెలియదు. జనం మూడుసార్లు పలకకపోతే ఆ మనిషి ఇక పాట ఎత్తకూడదట. రేపు మూడో శనివారం.

“రేపు కూడా పలక్కపోతే గిటార్ జాన్సన్ భయ్యాకి పంపించీస్తాను,” అంది ఎస్తేరు. ఆ మాట అన్నంత మామూలుగా ఇంకో మీటరు అంకెలు నొక్కుకుంది.

నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఎంత తిక్కగా ఉన్నా నా రాతలు ఎవరికీ హాని చేయవని ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాను.

మధ్యాహ్నం మార్తమ్మ గారింటికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, తెల్లచీర, వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. జాన్సన్ మాట మరిచిపోయి నేనెవరో చెప్పేశాను. ఆవిడ లోపలికి వెళ్లి, బైబిలు అడుగునుంచి మా పత్రిక తీసుకొచ్చింది. నా వాక్యం కింద నీలం పెన్సిలు గీత.

“ఇది మా ఎస్తేరు చెప్పిందా, మీరు రాసుకున్నారా?” అంది.

నేనే రాసుకున్నానన్నాను.

“ఇది రాసే ముందు మీరెప్పుడైనా ఇక్కడికొచ్చారా?”

రాలేదన్నాను.

“మీరు పాడతారా?”

పాడనన్నాను. ఆవిడ పత్రిక మడిచి మళ్లీ బైబిలు కింద పెట్టింది. చేపలు తిరగేయడంలో పడింది. అండమాన్‌లో అడుగుపెట్టినప్పటినుంచి నిమ్మకాయో కొబ్బరినీళ్లో ఇవ్వని మనిషి లేదు. ఆ ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. కూర్చోమని కూడా అనలేదు. వాకిట్లోంచే వచ్చేశాను.

శనివారం: మార్తమ్మ గారి పెరడు

కూడిక మూడున్నరకి. నాలుగు చాపలు, ముప్పైమంది దాకా మనుషులు, ఒక పక్క పొయ్యి మీద కోడికూర. కూడిక అయ్యాక అందరూ కలిసి తినడం ఇక్కడి రివాజు. మనకి ప్రసాదం చేతిలో పెట్టి పంపేస్తారు. ఇక్కడ తినకుండా వెళ్తే తప్పు పడతారు. నాకు మాత్రం తినమంటారో లేదో తెలియదు.

ప్రార్థన అయ్యాక మార్తమ్మ నన్ను చూసి, చెప్పేదేమైనా ఉంటే చెప్పుకోండి అంది. రాత్రంతా కూర్చుని రాసుకున్న కాగితం తీశాను. పాఠకుడి స్వేచ్ఛ, రచయిత బాధ్యత అంటూ నాలుగు పేరాలు చదివాను. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. అయ్యాక వెనకనుంచి ఒకాయన, “సార్, థోడా హిందీ మే బోలియే,” అన్నాడు. నా హిందీ రైల్వే స్టేషన్‌లో టీ అడగడానికి సరిపోతుంది, క్షమాపణకి చాలదు. తప్పు నాదే, ఆవిడ ఏమీ చెప్పలేదు అని రెండు భాషలూ కలిపి ఏదో అన్నాను. ఎవరైనా నమ్మారో లేదో మొహాల్లో కనపడలేదు. చెమట తుడుచుకుని కూర్చున్నాను.

ఎస్తేరు గిటారు తీసుకుంది. ‘ఎవరున్నారు’ ఎత్తుకుంది. వాన తెరిపిచ్చింది, దారి తేలింది, గేటు కాడ నిలుచున్నాను. ఎవరున్నారు లోపల, ఎవరున్నారు?

ఆగింది. పెరట్లో ఎవరూ పలకలేదు. పొయ్యి మీద కూర ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే. ఎస్తేరు మా వైపు కాకుండా నేలకేసి చూస్తోంది.

నేనెందుకు నోరు తెరిచానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆలోచించి చేసిన పని కాదు. “ఉన్నాం” అన్నాను. పాడాననే అనుకున్నాను. గొంతు ఎక్కడో మొదలై ఇంకెక్కడికో పోయింది. రెండో “ఉన్నాం” దగ్గర ఊపిరి అయిపోయి దగ్గొచ్చింది. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

మార్తమ్మ మొహం చిట్లించింది. వరస తప్పిన పాట వింటే ఆవిడకి పన్ను సలిపినట్టుంటుందని ఎస్తేరు తర్వాత చెప్పింది.

“అలాక్కాదు సార్. ముందు ఊపిరి తీసుకోవాల. ఇలాగ,” అని, నాకు నేర్పడానికి పాడింది. “ఉన్నాం, ఉన్నాం, మేమున్నాం.”

పాడేశాక ఏం చేసిందో ఆవిడకే అర్థమైంది. ఒక్క నిమిషం నన్ను కోపంగా చూసింది. కాని పెద్దావిడ పలికిన తర్వాత మిగతావాళ్లు ఊరుకోవడం ఆ కూడికలో ఎప్పుడూ లేదు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు అందుకున్నారు, తర్వాత వెనక చాప, తర్వాత పెరడంతా. ఎస్తేరు తల ఎత్తింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే రెండో చరణం పాడింది. ఈసారి నేను అందుకోకుండానే, నేను చెడగొట్టకుండానే, ముప్పై గొంతులు పలికాయి. నాకు ఏడుపొచ్చింది. ఆల్బమ్ వందసార్లు విన్నానని రాసుకున్నాను. ఆ పాట మొదటిసారి విన్నది అప్పుడే.

చివరి చరణం వచ్చింది. ఎవరున్నారు లోపల, ఎవరున్నారు? అందరూ ఆగారు. నేనూ వాళ్లతో పాటు ఆగాను, ఎవరో పలుకుతారని చూస్తూ. ఎవరూ పలకలేదు. మళ్లీ అలిగారేమో అనుకున్నాను. చుట్టూ చూస్తే అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఖాళీ ఎవరిదో.

ఎన్ని సెకన్లయిందో లెక్క పెట్టలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. మార్తమ్మ తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీసుకోమన్నట్టు చూపించింది. తీసుకున్నాను.

“ఉన్నాను,” అన్నాను. ఈసారి కూడా శ్రుతి లేదు. ఎస్తేరు గిటారు దాని మీదనుంచే అందుకుని పాట ముగించింది.

తిరిగొచ్చాక సవరణ రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. సమీక్ష అచ్చయినప్పుడు తుని నుంచి ఒకావిడ, ఆ పదకొండు సెకన్లలోనే భర్త పోయాక మొదటిసారి ఏడ్చానని ఉత్తరం రాసింది. ఆవిడకి ఆ నిశ్శబ్దం నిజం. మాయాబందర్‌లో అది నిజం కాదు. రెండూ ఒకే పాటలో ఎలా ఉన్నాయో నాకు తెలియదు. హైదరాబాద్ ఆయనకి ఏం రాయాలో అంతకన్నా తెలియదు. సంపాదకుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఆ రోజు మాత్రం పాట అయ్యాక ఏం చెయ్యాలో తెలియక చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. మార్తమ్మ ఒక పళ్లెంలో అన్నం, పైన కోడికూర పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

“ఎక్కడికి, కూకోండి,” అంది. “తినీసి ఎళ్దురు గాని.”